సగటు మనిషి నాడి

స్టీఫెన్ హేల్స్ ఇంగ్లండులో టెడింగ్టన్ అనే ఊళ్లో చర్చి ఫాదరు. 1733లో అచ్చయిన ఆయన పుస్తకంలో మొదటి ప్రయోగం ఒక ఆడగుర్రం మీద చేసింది. బతికున్న గుర్రాన్ని వెల్లకిలా పడేసి, కాళ్లు కట్టేసి, తొడ దగ్గర ధమని కోసి, అందులో ఇత్తడి గొట్టం దూర్చి, దానికి తొమ్మిదడుగుల గాజు గొట్టం నిలబెట్టాడు. నెత్తురు 8 అడుగుల 3 అంగుళాల దాకా ఎగబాకి, గుండె కొట్టుకున్నప్పుడల్లా పైకీ కిందకీ ఊగింది. మనం ఇవాళ బీపీ అంటున్నదాన్ని కళ్లారా చూసి, కొలిచి, రాసిపెట్టింది ఆయనే. ఆ తర్వాత కొంచెం కొంచెంగా నెత్తురు బయటికి వదులుతూ, వదిలినప్పుడల్లా ఎత్తు కొలుస్తూ, గుర్రం చచ్చిపోయేదాకా కూచున్నాడు.

కవి అలెగ్జాండర్ పోప్ ఆయనకి పక్కూరివాడు, స్నేహితుడు కూడా. హేల్స్ మంచివాడని పోప్‌కి అనుమానమేమీ లేదు. ఆ పనులు మాత్రం ఆయనకి మింగుడుపడలేదు. మనిషికి ఉపయోగమే అనుకుందాం, అయినా ఇంకో ప్రాణిని చంపే హక్కు మనకి ఉందని ఎలా తెలుసు, ఇదీ ఆయన సందేహం. దాదాపు మూడు వందల ఏళ్లయింది, ఈ సందేహానికి సరైన జవాబు చెప్పినవాళ్లు లేరు. కానీ దాన్ని పక్కకి తప్పించుకుపోయే దారి ఒకటి దొరికినట్టే ఉంది. గుర్రం అక్కర్లేదు, కుక్క అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. ఒక స్కాను, ఒక పెద్ద కంప్యూటరు ఉంటే చాలు. ధమనుల్లో నెత్తురు ఎలా పారుతోందో, ఎక్కడ సుడి తిరుగుతోందో, ఎక్కడ పీడనం పడిపోతోందో లెక్కకట్టి రంగుల్లో చూపిస్తారు. ఎవరికీ నొప్పి ఉండదు.

మరి ఇందులో నైతిక ప్రశ్న ఏముంటుంది? ఉంది అనుకుంటున్నాను. హేల్స్ ప్రయోగంలో కట్టేసిన ప్రాణి కళ్లెదుట ఉంది. ఇక్కడ కూడా ఒకరి బదులు ఇంకొకర్ని పెడుతున్నారు, కాకపోతే ఆ ఇంకొకరు కంటికి కనిపించరు.

కాస్త వెనక్కి వెళ్దాం. నెత్తురు పారడాన్ని కాగితం మీద పట్టుకుందామని 1775లోనే గణితవేత్త ఆయిలర్ ప్రయత్నించాడు. సాగే గొట్టంలో ద్రవం ఎలా కదులుతుందో సమీకరణాలు రాశాడు. రాసి, వీటిని సాధించడం మన వల్ల అయ్యే పని కాదని ఒప్పుకుని వదిలేశాడు. ఆ వ్యాసం ఆయన పోయాక చాలా కాలానికి, 1862లో అచ్చయింది. ఈలోగా ఫ్రాన్సులో ప్వాజోయ్ అనే డాక్టరు వేరే దారి పట్టాడు. ఆయనకి కావలసింది సన్నటి రక్తనాళాల్లో నెత్తురు సంగతి. నెత్తురేమో బయటికి రాగానే గడ్డకడుతుంది. అందుకని సన్నటి గాజు గొట్టాల్లో నీళ్లు పారించి కొలిచాడు. ఆయన తేల్చిన సూత్రం ఇప్పటికీ వైద్య విద్యార్థులు బట్టీ పడతారు: గొట్టం వ్యాసం సగానికి తగ్గితే, అదే ఒత్తిడికి పారే ద్రవం సగం కాదు, పదహారో వంతుకి పడిపోతుంది. గుండె నాళంలో కొంచెం పూడిక ఎందుకంత పెద్ద విషయం అవుతుందో ఈ ఒక్క లెక్క చెప్తుంది. కానీ గమనించండి, నాళం బదులు గాజు, నెత్తురు బదులు నీళ్లు. ఒకదాని బదులు ఇంకోటి పెట్టడం అప్పుడే మొదలైంది. తప్పేం లేదు. అలా పెట్టకపోతే ఏ శాస్త్రమూ అడుగు ముందుకెయ్యదు. ఏది బదులు ఏది పెట్టామో గుర్తున్నంతవరకే ఇబ్బంది లేదు.

ఆయిలర్ వదిలేసిన పని ఇప్పుడు కంప్యూటర్లు చేస్తున్నాయి. సీటీ స్కాన్‌లో కనిపించిన నాళం ఆకారాన్ని లక్షల చిన్నచిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కలోకి ఎంత నెత్తురు వస్తోంది, ఎంత పోతోంది, పక్క ముక్క దాన్ని ఎంత నెడుతోంది అని నేవియర్-స్టోక్స్ సమీకరణాలతో లెక్కకడతారు. ఇవి పంతొమ్మిదో శతాబ్దం నాటివి, నీటికీ గాలికీ నెత్తురికీ అవే. భౌతికశాస్త్రం వరకూ గట్టి నేల మీదే ఉన్నాం.

చిక్కంతా అంచుల దగ్గర. పంటకాలువ ఉదాహరణ తీసుకోండి. మీ ఊరి దగ్గర రెండు కిలోమీటర్ల కాలువని అంగుళం అంగుళం కొలిచి బొమ్మ గీశారు. నీళ్లు ఎంత వేగంగా పోతాయో చెప్పాలంటే అది చాలదు. పైనుంచి ఎంత వదులుతున్నారు, కింద ఏ తూము తెరిచి ఉంది, చివరి పొలాలు ఎంత తాగుతున్నాయి, ఇవన్నీ తెలియాలి. ధమని కూడా అంతే. స్కానులో మిల్లీమీటరు, మహా అయితే అంతకంటే కొంచెం సన్నటి నాళాల దాకానే కనిపిస్తుంది. అక్కడితో బొమ్మ ఆగిపోతుంది. శరీరం ఆగదు. ఆ తర్వాత లెక్కలేనన్ని సూక్ష్మనాళాలు, కండరం, చివరికి సిరలు. ఎంత నెత్తురు పారాలో నిజానికి నిర్ణయించేది ఆ కనిపించని భాగమే. కంప్యూటర్ మోడల్లో ఆ మొత్తాన్నీ, అంటే మిగతా మనిషిని, ఒకటి రెండు అంకెలతో మూసేస్తారు: ఇంత నిరోధం, ఇంత సాగే గుణం. ఈ పద్ధతికి విండ్‌కెసెల్ అని జర్మన్ పేరు. పాతకాలం ఫైరింజన్లలో నీటిధార ఆగి ఆగి రాకుండా పెట్టే గాలిపెట్టె పేరది. 1899లో ఓటో ఫ్రాంక్ దాన్ని గణితంలోకి తెచ్చాడు. అలా మనిషిలో తొంభై శాతం ఒక గాలిపెట్టె అయిపోయాడు.

ఇక అసలు కేసుకి వస్తాను. గుండె నాళంలో సన్నబడ్డ చోట నిజంగా ప్రవాహానికి అడ్డం ఉందా లేదా తెలుసుకోవడానికి ఎఫ్ఎఫ్ఆర్ అనే కొలత ఉంది. 1990లలో నికో పైల్స్, బెర్నార్డ్ డిబ్రైన్ లాంటివాళ్లు నిలబెట్టిన పద్ధతి. యాంజియోగ్రాం చేస్తూ, చివర్లో ప్రెషర్ మీటరున్న సన్నటి తీగని నాళంలోకి పంపుతారు. అడినొసిన్ అనే మందిచ్చి సూక్ష్మనాళాలన్నీ బార్లా తెరుచుకునేలా చేస్తారు. అంటే మనిషి పరిగెడుతున్నంత పని గుండె నాళాలకి పెట్టి, అప్పుడు అడ్డానికి అవతలి పీడనాన్ని ఇవతలి పీడనంతో భాగిస్తారు. ఒకటి వస్తే అడ్డం లేనట్టు. 0.80, అంతకంటే తక్కువ వస్తే స్టెంటు గురించి ఆలోచించాల్సిందే. కంటికి డెబ్భై శాతం బ్లాకులా కనిపించింది ఒక్కోసారి ఈ కొలతలో ఏమీ లేదని తేలుతుంది. ఇలా కొలిచి స్టెంటు వెయ్యడం, కళ్లతో చూసి వెయ్యడం కంటే మేలని 1005 మంది మీద జరిగిన ఫేమ్ అధ్యయనం 2009లో చూపించింది. ఏడాది తిరిగేసరికి చావు, గుండెపోటు, మళ్లీ ప్రొసీజర్ అవసరం పడటం అన్నీ కలిపి కొలిచినవాళ్లలో 13.2 శాతం, కొలవనివాళ్లలో 18.3 శాతం.

ఇది మన దగ్గర మామూలుగా జరిగే తంతు కంటే ఎంతో నయం. ఇక్కడ యాంజియోగ్రాం గది బయట కారిడార్‌లో ఇంట్లోవాళ్లని పిలిచి, తెర మీద నల్లటి గీతలో ఒక నొక్కు చూపించి, "ఎనభై శాతం బ్లాకుంది, పేషెంట్ టేబుల్ మీదే ఉన్నాడు, ఏం చేద్దాం?" అని అడగడం చాలామందికి అనుభవమే. ఆ క్షణాన ఎవరైనా సంతకం పెడతారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటు ధరని 29,600 రూపాయలకి కట్టేశాక బిల్లులో ఒక గీత తగ్గింది గానీ, ఆ ప్రశ్న అడిగే తీరు తగ్గలేదు.

ఈ తీగ గొడవ లేకుండా, లోపలికి ఏదీ పంపకుండా, సీటీ స్కాను నుంచే ఆ అంకెని లెక్కకట్టొచ్చని స్టాన్‌ఫర్డ్‌లో చార్ల్స్ టేలర్ బృందం అంది. హార్ట్‌ఫ్లో అనే కంపెనీ పుట్టింది. 2014 నవంబర్లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, 2017లో బ్రిటన్‌లో నైస్ సంస్థ వాడమంది. స్కాను కాలిఫోర్నియా వెళ్తుంది, నివేదిక తిరిగొస్తుంది. అందులో మీ ధమనుల చెట్టు రంగురంగుల్లో ఉంటుంది, ఒక్కో కొమ్మ మీద ఒక్కో అంకె.

అట్లాంటాలో ఉండే మా పెదనాన్న కొడుక్కి ఈ పరీక్ష చేశారు. వయసు నలభై ఎనిమిది, పదేళ్లుగా షుగరు. ఒక కొమ్మ మీద 0.78 అని వచ్చింది. ఆ బొమ్మ వాట్సాప్‌లో తెనాలి చేరింది. మా పెదనాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా రిటైరయ్యాడు. ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఏరా, ఇది లోపలికి గేజీ పెట్టి చూసిందేనా?"

"కాదు పెదనాన్నా. స్కాన్ చూసి లెక్కకట్టింది."

"మరి ఇంజను రేజ్ చెయ్యకుండా ప్రెషరెంతో ఎట్టా చెప్తార్రా?"

"రేజ్ చేస్తే ఎంత ఉంటుందో కూడా లెక్కే."

"ఎవురి లెక్క?"

ఈ చివరి ప్రశ్న ఆయన వ్యంగ్యంగా అడగలేదు. డిపోలో ఏ బండి ఎలా రేజ్ అవుతుందో వేలసార్లు చూసినవాడు. ఒకే మోడల్, ఒకే ఏడాది బళ్లు కూడా ఒకేలా లాగవని ఆయనకి తెలుసు.

ఎవరి లెక్కో చెప్తాను. నాళం ఆకారం మా అన్నయ్యదే. గుండె కండరం ఎంతుందో అదీ ఆయన స్కానులోంచే, విశ్రాంతిలో ఎంత నెత్తురు కావాలో దాన్నిబట్టి అంచనా కట్టారు. జబ్బకి పట్టీ కట్టి చూసిన బీపీ ఆయనదే. కానీ అడినొసిన్ ఇస్తే ఆయన సూక్ష్మనాళాలు ఎంత తెరుచుకుంటాయి? ఇది ఆయన్ని చూసి చెప్పింది కాదు. గతంలో వేరేవాళ్లకి నిజంగా మందిచ్చి కొలిచినప్పుడు నిరోధం దాదాపు నాలుగో వంతుకి పడిపోయింది కాబట్టి, ఈయనకీ అంతే పడిపోతుందని పెట్టారు. షుగరున్నవాళ్లలో చాలామందికి సూక్ష్మనాళాలు అలా పూర్తిగా తెరుచుకోవు, షుగరు దెబ్బతీసేదే వాటిని. తెరుచుకోకపోతే పారే నెత్తురు తక్కువ, అడ్డం దగ్గర పడిపోయే పీడనమూ తక్కువ, అంకె 0.78 బదులు ఇంకాస్త పైన ఉండొచ్చు. అంటే గీతకి అవతల.

పైన అన్న కంటికి కనిపించని ప్రాణి వీడే, సగటు మనిషి. మా అన్నయ్య పేరు రాసి ఉన్న బొమ్మలో, ఆయన ధమనుల చివర్లలో, ఎప్పుడూ ఎక్కడా పుట్టని ఒకాయన కాపురం ఉన్నాడు.

దీనికి వెంటనే ఒక జవాబు వస్తుంది, న్యాయమైన జవాబే. వైద్యంలో సగటు లేనిదెక్కడ? జ్వరానికి ఇచ్చే మాత్ర డోసు సగటు మనిషికి కట్టిందే. పాతకాలం వైద్యుడు నాడి పట్టుకున్నా, ఆయన వేళ్లలో ఉన్నది అంతకుముందు పట్టుకున్న వందల నాడుల జ్ఞాపకమే కదా. నిజమే. యంత్రం చెడ్డది, చెయ్యి మంచిది అనే పాట పాడాలని నాకు లేదు. నాడి పట్టినవాళ్లు కూడా కావలసినంతమందిని చంపారు. తేడా వేరే ఉంది. వేళ్ల కింద ఉన్న నాడి వైద్యుడి అంచనాకి అడ్డం తిరగగలదు. తీగ చివర ఉన్న మీటరు, నాలుగో వంతు తగ్గుతుందనుకున్న చోట సగమే తగ్గిందని చెప్పగలదు. సిమ్యులేషన్‌లో ఆ చోట శరీరానికి నోరు లేదు. అక్కడ అది ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. మాత్ర విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది: పారాసెటమాల్ స్ట్రిప్ మీద నా పేరుండదు, నా ఫోటో ఉండదు. అది అందరిదీ అని నాకు చూడగానే తెలుసు. ఇక్కడేమో నా ఒంపులతో, నా కొమ్మలతో, నాదిగానే కనిపిస్తుంది. ఎంత బాగా నాలా ఉంటే, అందులో నేను కాని భాగాన్ని అనుమానించడం అంత కష్టం.

అలాగని పరీక్షించకుండా వదిలారా? లేదు, ఇక్కడ నాకు వీళ్ల మీద గౌరవమే ఉంది. డిఫాక్టో అనే అధ్యయనంలో 252 మందికి లెక్కకట్టిన అంకెనీ, తీగతో కొలిచిన అంకెనీ పక్కపక్కన పెట్టారు. అనుమానపు అంచు కింది కొస కూడా 70 శాతం దాటితేనే నెగ్గినట్టు అని ముందే గీత గీసుకున్నారు. ఖచ్చితత్వం 73 శాతం వచ్చింది, కింది కొస మాత్రం 67 దగ్గర ఆగింది. ఓడిపోయాం అని 2012లో అలాగే ప్రచురించారు. తర్వాత స్కాను తీసే పద్ధతినీ, లెక్కనీ మెరుగుపరిచి 2014లో ఎన్ఎక్స్‌టీ అనే అధ్యయనంలో ఇంకా మంచి ఫలితం చూపించారు. బ్రిటన్‌లో 1400 మందితో జరిగిన ఫోర్‌కాస్ట్ అధ్యయనంలో ఖర్చు తగ్గలేదు గానీ, తీగలు దూర్చే యాంజియోగ్రాములు తగ్గాయి. అనవసరంగా తొడలోంచో మణికట్టులోంచో గొట్టం ఎక్కించుకోకుండా ఇంటికెళ్లినవాళ్లు నిజమైన మనుషులు. వాళ్ల మేలు చిన్నదేం కాదు.

అయితే ఈ అధ్యయనాల జవాబు కూడా గుంపుకి చెప్పే జవాబే. వందమందిలో ఎంతమందికి సరిపోయిందో అది చెప్తుంది. ఆ సరిపోని కొద్దిమందిలో నువ్వున్నావా అని అడిగితే దాని దగ్గర మాట లేదు. అంకె 0.60 అయితే ఎవరికీ సందేహం లేదు, 0.95 అయినా లేదు. తగువంతా గీతకి అటూ ఇటూ ఉన్నవాళ్ల దగ్గరే, లెక్క తడబడేదీ అక్కడే. పైగా ఆ గీత ప్రకృతి గీసింది కాదు. మొదట్లో 0.75 అన్నారు, తర్వాత జాగ్రత్త కోసం 0.80కి జరిపారు. డాక్టరుకి ఎక్కడో ఒకచోట గీత కావాలి, రోగిని సగం స్టెంటుతో పంపలేరు కదా. గీసిన చెయ్యి ఎవరిదో మర్చిపోయి, 0.79కీ 0.81కీ మధ్య గోడ ఉందనుకున్నప్పుడే పేచీ.

అంతకన్నా పెద్ద పేచీ ఒకటుంది. అంకె అక్షరాలా సరైనదే అనుకుందాం. అది ఏ ప్రశ్నకి జవాబు? "ఈ కొమ్మలో నెత్తురికి అడ్డం ఉందా?" అనే ప్రశ్నకి. మా పెద్దమ్మ అడిగింది అది కాదు. "పిల్లాడికి ఏమన్నా అవుద్దా?" అని అడిగింది. ఈ రెండూ ఒకటే అని ఎన్నో ఏళ్లు అందరూ అనుకున్నారు, చాలామంది డాక్టర్లతో సహా. 5179 మందితో జరిగిన ఇస్కీమియా అధ్యయనం ఫలితాలు 2019 చివర్లో వచ్చాయి. గుండెపోటు వచ్చి ఆస్పత్రికి పరిగెత్తినవాళ్ల సంగతి వేరు, వాళ్లకి స్టెంటు ప్రాణం పోస్తుంది. ఎడమవైపు మూలనాళంలోనే అడ్డమున్నవాళ్లని కూడా ఇందులో చేర్చలేదు. వాళ్లు కాక, గుండెకి నెత్తురు చాలట్లేదని పరీక్షల్లో తేలి, స్థిమితంగా ఉన్నవాళ్లలో, ముందే స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్లకీ, మందులతో మొదలుపెట్టి అవసరమైతేనే చేయించుకున్నవాళ్లకీ చావులోనూ గుండెపోటులోనూ మొత్తమ్మీద చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఛాతీ నొప్పి ఉన్నవాళ్లకి ఆ నొప్పి తగ్గడంలో మాత్రం తేడా ఉంది. గుండెపోటు చాలాసార్లు బాగా సన్నబడ్డ చోట కాక, పెద్దగా అడ్డం లేని చోట పేరుకున్న కొవ్వు పొర చిట్లి, దాని మీద గడ్డకట్టి వస్తుంది. ప్రవాహపు లెక్కకి ఆ చిట్లడం తెలియదు.

కాబట్టి అడిగినదాని పక్క ప్రశ్నకి రెండు దశాంశాల దాకా జవాబొచ్చింది. దశాంశాలు ఉండేసరికి అసలు ప్రశ్నకే జవాబొచ్చిందనిపించింది. దీన్ని మోసం అనలేను, ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా మా పెద్దమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు, అది ఆ అంకె వల్లే. మా అన్నయ్య ఆఖరికి తన కార్డియాలజిస్టుతో మాట్లాడి, నొప్పి ఏమీ లేదు గనక మందులు గట్టిగా వాడుతూ ఆగాలని నిర్ణయించుకున్నాడు. ఇంకొకరైతే తీగ వేయించుకుని నిజంగా కొలిపించుకునేవారేమో, అదీ తప్పు కాదు.

ఇంతా చెప్పాక, సిమ్యులేషన్ లేకుండా ఉండటమే దారుణం అనిపించే చోటు గురించి కూడా చెప్పాలి. కొందరు పిల్లలు గుండెలో పనిచేసే గది ఒక్కటే ఉండి పుడతారు. వాళ్లకి దశలవారీగా ఆపరేషన్లు చేసి, శరీరం నుంచి వచ్చే చెడు రక్తం గుండెని తాకకుండా నేరుగా ఊపిరితిత్తులకి పోయేలా సిరలని కలుపుతారు. ఫాంటాన్ ఆపరేషన్ అంటారు. తోయడానికి గుండె లేదు కాబట్టి, ఆ అతుకు దగ్గర నెత్తురు ఒకదానికొకటి గుద్దుకుని ఏ మాత్రం శక్తి వృథా అయినా పిల్లాడికి నష్టం. లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రిలో సర్జన్ మార్క్ డిలెవాల్ దీన్ని ముందు నమూనాల్లో చూశాడు, 1990లలో మిలాన్ ఇంజనీర్లతో కలిసి కంప్యూటర్లో చూశాడు. రెండు సిరలూ ఎదురెదురుగా కలపాలా, కొంచెం పక్కకి జరిపి కలపాలా? ఇది తేల్చడానికి వెయ్యిమంది పిల్లల మీద అధ్యయనం చెయ్యలేరు, అంతమంది దొరకరు, దొరికినా ఎవరి పిల్లల మీద? ఇక్కడ తప్పు చేసి నేర్చుకోవడానికి తెర కంటే మంచి చోటు లేదు. పోప్ బతికుంటే ఈ గదిలోకి మాత్రం మొహం చిట్లించకుండా వచ్చేవాడనుకుంటాను. తర్వాత అమెరికాలో వై ఆకారపు గొట్టం కంప్యూటర్లో పుట్టి పిల్లల దాకా వెళ్లింది. అందరికీ అదొక్కటే కుదరదని, పిల్లని బట్టి ఆకారం మారాలని చూపించింది కూడా ఆ లెక్కలే.

ఆ తొలితరం పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో చాలామందికి కాలేయం దెబ్బతింటోంది. అతుకు ఆకారం వల్ల కాదు. గుండె తోడు లేకుండా నెత్తురు నడవాలంటే సిరల్లో పీడనం ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉండాలి, ఆ బరువు కాలేయం మోస్తుంది. 1990ల నాటి బొమ్మలో కాలేయం లేదు. ఆ గొట్టం కింది అంచుకి అవతల, ఒక అంకె వెనకాల ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని కూడా లోపలికి తెచ్చే మోడళ్ల మీద పని జరుగుతోంది. వాటికీ ఎక్కడో ఒకచోట అంచు ఉంటుంది.